లీటరు నీళ్లు సరే, పోల్చి చూసేందుకు చేపలేవి?

గౌరవనీయులైన డైరెక్టర్ గారికి,
జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా,
కోల్‌కతా.



లక్షద్వీప్ చేపల మీద ఎస్. జోన్స్, ఎం. కుమారన్ రాసిన పుస్తకం 1980లో వచ్చింది. అందులో 603 జాతుల వివరాలున్నాయి. ద్వీపాల చుట్టూ తిరిగి, చేపను చేతిలోకి తీసుకుని, రెక్కల ముళ్లు, పక్క గీత మీది పొలుసులు లెక్కపెట్టి తయారుచేసిన జాబితా అది. ఆ తర్వాత లక్షద్వీప్ సముద్రం 1998లో, 2010లో, 2016లో, మళ్లీ 2024లో వేడెక్కింది. వేడెక్కిన ప్రతిసారీ పగడాలు రంగు కోల్పోయి తెల్లబారాయి. అగత్తి, కద్మత్, కవరత్తి పగడపు దిబ్బలను నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు 24 ఏళ్లపాటు గమనించారు. 1998లో సుమారు 37 శాతం ఉన్న సజీవ పగడాల విస్తీర్ణం 2022 నాటికి 20 శాతం లోపుకు పడిపోయిందని వారు లెక్కకట్టారు.

ఇల్లు సగం కూలింది. మరి ఇంట్లోవాళ్ల సంగతి? ఆ 603 జాతుల్లో ఇవాళ ఎన్ని మిగిలాయి? ఏవి లోతుకు తరలిపోయాయి? జాబితాలో లేనివి ఏవి వచ్చి చేరాయి? ఈ ప్రశ్నలకు ఏడాదికి రెండుసార్లు జవాబు రాబట్టగల పద్ధతి ఇప్పుడు అందుబాటులో ఉంది. సముద్రపు నీటిని సీసాలో పట్టి, వడకట్టి, అందులో మిగిలిన డీఎన్‌ఏను చదివే ఈ పద్ధతిని పర్యావరణ డీఎన్‌ఏ సర్వే అంటున్నారు. పొట్టిగా ఈడీఎన్‌ఏ. అది మన పగడపు దిబ్బల మీద నమ్మకంగా పనిచేయాలంటే ముందుగా ఒక పునాది పని జరగాలి. దేశంలో దానికి అన్నివిధాలా తగిన సంస్థ మీదే. ఈ లేఖ మీ పేరిట రాయడానికి కారణం అదే.

విషయం శాస్త్రవేత్తలకు తెలిసిందే. బహిరంగ లేఖ కాబట్టి, పాఠకుల కోసం మొదటి నుంచి చెప్పుకోవడం మంచిది.

చేప తిరిగిన చోటల్లా తన ఆనవాళ్లు వదులుతూనే ఉంటుంది. ఒంటి మీది జిగురు, రాలిన పొలుసులు, విసర్జన, గుడ్లు పెట్టే కాలంలో నీటిలో కలిసే శుక్రం, వీటన్నిటిలోనూ దాని కణాలుంటాయి. కణాల్లో డీఎన్‌ఏ ఉంటుంది. సముద్రపు నీటిలో అది ఎక్కువ కాలం నిలవదు. ఎండ, వేడి, సూక్ష్మజీవులు కలిసి కొన్ని గంటల నుంచి కొద్ది రోజుల్లోపే దాన్ని ముక్కలు చేసేస్తాయి. ఆ లోపు నీటిని వడకట్టగలిగితే, ఈమధ్య అటుగా వెళ్లిన చేపల జాడ దొరుకుతుంది. చేపను పట్టక్కర్లేదు, చంపక్కర్లేదు, అసలు కంటితో చూడక్కర్లేదు.

తెలుగువాళ్లకు ఈ తర్కం కొత్తేమీ కాదు. 2020లో కోవిడ్ ముమ్మరంగా ఉన్నప్పుడు హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తెచ్చి, నీటిలోని వైరస్ ఆనవాళ్లను బట్టి ఎంతమందికి సోకి ఉంటుందో అంచనా వేశారు. పరీక్షల్లో బయటపడిన కేసుల కన్నా ఆ అంచనా ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంటింటికీ వెళ్లి ముక్కులో పుల్ల పెట్టకుండానే నీరు ఊరి పరిస్థితి చెప్పింది. అప్పట్లో పల్లెల్లో కూడా అందరి నోటా నానిన పీసీఆర్ పరీక్షే ఈడీఎన్‌ఏ సర్వేకూ ఆయువుపట్టు.

ఇక సముద్రం మీద పని ఎలా ఉంటుందో చూద్దాం. పడవ దిబ్బ పక్కన ఆగుతుంది. కొత్త గ్లవ్స్ తొడుక్కున్న మనిషి పడవ ముందు భాగం నుంచి వంగి, నీరు ఎదురొచ్చే వైపు సీసా ముంచుతాడు. ఆ సీసాను ముందురోజే బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, మూత బిగించి ఉంచుతారు. ఇంజిన్ పక్కన గానీ, వల మీంచి నీళ్లు కారే చోట గానీ ముంచకూడదు. లీటరో రెండు లీటర్లో పట్టిన ఆ నీటిని పెద్ద సిరంజితో గానీ చిన్న పంపుతో గానీ ఒక ప్లాస్టిక్ గొట్టంలోంచి నెడతారు. గొట్టం లోపల 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న పొర ఉంటుంది. లాగూన్ (పగడపు దిబ్బ లోపలి నీటి మడుగు) నీరు తేటగా ఉంటే సాఫీగా దిగుతుంది. నాచు, మట్టి ఎక్కువగా ఉంటే సగంలోనే పొర పూడుకుపోయి, సిరంజి నొక్కేవాడి బొటనవేలు నొప్పెడుతుంది. నీళ్లన్నీ దిగాక గొట్టంలో డీఎన్‌ఏ చెడకుండా కాపాడే ద్రవం నింపి, రెండు వైపులా మూతలు బిగించి, ఐసు పెట్టెలో పెడతారు. చీటీ మీద చోటు, తేదీ, లోతు, సమయం రాస్తారు.

అదే పడవలో మరో సీసా ఉంటుంది. అందులో సముద్రపు నీరు ఉండదు, ల్యాబ్ నుంచి తెచ్చిన శుద్ధమైన నీరు ఉంటుంది. దాన్ని కూడా అదే సిరంజితో, అదే పద్ధతిలో వడకడతారు. తర్వాత ల్యాబ్‌లో ఆ ఫిల్టర్‌లో చేప డీఎన్‌ఏ కనబడిందంటే, అది సముద్రం నుంచి వచ్చింది కాదు, పడవ నుంచో, చేతుల నుంచో, మధ్యాహ్నం తిన్న చేపల పులుసు నుంచో వచ్చిందని అర్థం. ఈ ఖాళీ నమూనా ఫలితాన్ని దాచిపెట్టిన సర్వేను నమ్మడానికి లేదు.

ల్యాబ్‌లో ఫిల్టర్ నుంచి డీఎన్‌ఏ తీస్తారు. అందులో సింహభాగం సూక్ష్మజీవులదే. చేపలది చాలా తక్కువ. ఆ తక్కువను పట్టుకోవడానికి చేపల డీఎన్‌ఏకు మాత్రమే అతుక్కునేలా తయారుచేసిన చిన్న ముక్కలు వాడతారు. వాటిని ప్రైమర్లు అంటారు. జపాన్‌లో చిబా నేచురల్ హిస్టరీ మ్యూజియం శాస్త్రవేత్త మసాకి మియా, ఆయన సహచరులు 2015లో ప్రకటించిన మైఫిష్ ప్రైమర్లు ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. అవి పీసీఆర్‌లో, మైటోకాండ్రియాలోని 12ఎస్ అనే జన్యువులో సుమారు 170 డీఎన్‌ఏ అక్షరాల పొడవున్న ముక్కకు లక్షల ప్రతులు తీస్తాయి. ఆ ముక్కకు రెండు వైపులా చేపలన్నిటిలో దాదాపు ఒకే వరస ఉంటుంది, మధ్యలో మాత్రం జాతికీ జాతికీ తేడా ఉంటుంది. ఆ మధ్య వరసను చదివి, తెలిసిన చేపల వరసలతో పోల్చి జాతి పేరు తేలుస్తారు.

ఈ ప్రైమర్లను మియా బృందం పరీక్షించిన తీరు చూడండి. ఒకినావాలోని చురావుమి అక్వేరియానికి వెళ్లి నాలుగు తొట్లలో నీళ్లు పట్టారు. అందులో ఒకటి తిమింగల సొరలు తిరిగే కురోషియో తొట్టి, అందులో పట్టే నీరు 7,500 ఘనపు మీటర్లు. ఏ తొట్టిలో ఏ చేపలున్నాయో అక్వేరియం వాళ్ల దగ్గర పక్కా జాబితా ఉంది. వాటిలో డీఎన్‌ఏ వరసలు ముందే తెలిసిన 180 జాతుల్లో 168 జాతులు నీటిలోనే తేలాయి. అంటే 93 శాతం. ఆ తర్వాత అక్వేరియానికి దగ్గర్లోని పగడపు దిబ్బల నీటిలో 93 జాతులను గుర్తించారు. జవాబు ముందే తెలిసిన చోట పరీక్షించి, ఆ తర్వాతే తెలియని చోటికి వెళ్లిన ఆ క్రమశిక్షణ వల్లే ఈ పద్ధతికి పరపతి వచ్చింది.

జపాన్‌లోనే మైజురు అఖాతంలో మరో పరీక్ష జరిగింది. 47 చోట్ల ఒకే రోజు నీళ్లు పట్టి చదివితే 128 చేప జాతులు కనిపించాయి. అదే అఖాతంలో 14 ఏళ్ల పాటు నీటిలో మునిగి కళ్లతో చూసి లెక్కపెట్టినవి 80. మొదటి చూపుకు ఇది ఈడీఎన్‌ఏ ఘన విజయమే. అయితే దాని పక్కన ఇంకో లెక్క కూడా ఉంది. కళ్లతో చూసిన ఆ 80లో అన్నీ నీటిలో దొరకలేదు. దొరకని జాతులను డైవర్లు చూశారు, సీసా చూడలేదు. అందుకే ఈ రెండూ ఒకదానికొకటి తోడు. ఒకటి వచ్చిందని రెండోదాన్ని మానేస్తే నష్టమే.

పగడపు దిబ్బల మీద ఈ తోడు విలువ ఇంకా ఎక్కువ. న్యూ కాలెడోనియాలో సొరచేపల కోసం డైవర్లు 2,758 సార్లు లెక్కలు తీశారు, ఎర పెట్టిన కెమెరాలను 385 సార్లు దించారు. రెండూ కలిపి 9 జాతుల సొరలు కనబడ్డాయి. 22 నీటి నమూనాల్లో 13 జాతులు తేలాయి. 2018లో వచ్చిన ఈ అధ్యయనం, మనుషుల ఒత్తిడి ఎక్కువై సొరలు లేకుండా పోయాయనుకున్న చోట కూడా వాటి జాడ ఉందని చూపించింది. 2022లో మరో అంతర్జాతీయ బృందం కరీబియన్ నుంచి పశ్చిమ హిందూ మహాసముద్రం దాకా ఐదు ఉష్ణమండల ప్రాంతాల్లో తీసిన 226 నమూనాలను, 2,047 డైవింగ్ సర్వేలతో పక్కపక్కన పెట్టి చూసింది. అంత తక్కువ నమూనాల్లోనే ఈడీఎన్‌ఏ 16 శాతం ఎక్కువ వైవిధ్యాన్ని చూపింది.

ఈ తేడా ఎక్కడినుంచి వస్తోంది? డైవర్ పలక, పెన్సిల్ పట్టుకుని, యాభై మీటర్ల టేపు పరిచి, పగటి వెలుగులో, సిలిండర్‌లో గాలి ఉన్నంతసేపు లెక్కపెడతాడు. బొమ్మిడాయిలా పొడుగ్గా ఉండే మోరే పగటిపూట బిలంలో ఉంటుంది. కార్డినల్ చేపలు చీకటిపడ్డాకే బయటికొస్తాయి. పెద్ద చేపలు బుడగల చప్పుడుకే దూరం జరుగుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, పగడాల సందుల్లో, ఇసుకలో, నాచులో దాక్కునే ఐదు సెంటీమీటర్ల లోపు చిన్న చేపలు, గోబీలు, బ్లెన్నీలు, డైవర్ కంటికి దాదాపు ఆనవు. వాటిని లెక్కపెట్టాలంటే గతంలో దిబ్బలో కొంత భాగాన్ని వలతో చుట్టి విషమో లవంగ నూనెనో వదిలేవారు. రక్షిత దిబ్బ మీద ఆ పని ఎవరికీ చేయబుద్ధి కాదు.

ఆ చిన్న చేపలు లెక్కలోకి రాకపోతే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, దిబ్బ మీద ఇతర జీవులు తినే చేపల బరువులో దాదాపు 60 శాతం ఈ దాగుడు చేపలదేనని తేల్చింది. అవి త్వరగా పెరుగుతాయి, త్వరగా చస్తాయి, ఎప్పటికప్పుడు కొత్తవి పుడతాయి. పెద్ద చేపల కడుపు నిండేది ఎక్కువగా వాటితోనే. లక్షద్వీప్‌లో లాగూన్ చిన్న చేపలకు మనుషుల బతుకుతోనూ సూటి సంబంధం ఉంది. అక్కడ సూర చేపలను గాలం కర్రలతో ఒక్కొక్కటిగా పైకి లాగుతారు. దానికి ముందు లాగూన్‌లో వల వేసి బతికున్న చిన్న చేపలను పట్టి, పడవలోని నీటి తొట్టిలో తీసుకెళ్తారు. నడిసముద్రంలో సూర గుంపు కనపడగానే వాటిని నీటిలోకి చల్లితేనే సూరలు పడవ చుట్టూ ముసురుతాయి. సన్నని వెండి చారల మెత్తళ్లలాంటివీ, కార్డినల్ చేపలూ, దిబ్బను అంటిపెట్టుకుని ఉండే మరికొన్నీ ఆ ఎర. ఎర లేని రోజున సూర వేట లేదు, మినికాయ్‌లో సూరను ఎండబెట్టి చేసే మాస్‌మీన్ తయారీ లేదు. దిబ్బ తెల్లబారాక ఎర చేపల్లో ఏ జాతి తగ్గింది, ఏ లాగూన్‌లో తగ్గింది అన్నది ఆ ద్వీపవాసులకు జీవనాధారానికి సంబంధించిన ప్రశ్న.

ఇక ఈడీఎన్‌ఏ చేయలేనివి. నీటిలో డీఎన్‌ఏ దొరికితే చేప ఉందనే తెలుస్తుంది. ఎన్ని ఉన్నాయో, ఎంత పెద్దవో, గుడ్లతో ఉన్నాయో లేదో చెప్పడం కష్టం. బతికున్న చేప డీఎన్‌ఏకూ, ఒడ్డున కోసి కడిగిన చేప డీఎన్‌ఏకూ తేడా తెలియదు. జెట్టీ దగ్గర సూరలు శుభ్రం చేసే వేళ నీళ్లు పడితే లాగూన్ నిండా సూరలే ఉన్నట్టు ఫలితం వస్తుంది. ప్రవాహం పక్క దిబ్బ నుంచి ఆనవాళ్లు మోసుకురావచ్చు. అయినా హిందూ మహాసముద్రంలోనే ఉన్న కోకోస్ కీలింగ్ దీవుల్లో ఆస్ట్రేలియా పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే పగడపు వలయం లోపల కూడా ఒక ఆవాసానికీ మరో ఆవాసానికీ తేడా స్పష్టంగా కనబడింది. చోటు, సమయం జాగ్రత్తగా ఎంచుకుంటే ఈ చిక్కులను అదుపులో పెట్టవచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది.

డైరెక్టర్ గారూ, వీటన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. దాన్ని తీర్చగలిగేది మీరే.

సీక్వెన్సింగ్ యంత్రం చేప పేరు చెప్పదు. నాలుగే అక్షరాలు మారిమారి వచ్చే పొడవాటి వరస మాత్రమే ఇస్తుంది. ఆ వరస ఏ చేపదో తెలియాలంటే, అదే జాతికి చెందిన చేపను ఎవరో ఒకరు ముందే పట్టి, నిపుణుడి చేత గుర్తింపజేసి, దాని 12ఎస్ వరసను చదివి దాచి ఉండాలి. అలా దాచిన వరసలు లేకుండా సర్వేకు దిగడం, దొంగ వేలిముద్రలు చేతికొచ్చినా పోల్చి చూసే రిజిస్టరు లేని పోలీస్ స్టేషన్‌లో కేసు నడపడం లాంటిది. జపాన్‌లో టోక్యో విశ్వవిద్యాలయం నడిపే మైటోఫిష్ అనే డేటాబేసు ఆ రిజిస్టరు పని చేస్తోంది. కానీ అందులోనూ, అమెరికా నడిపే జెన్‌బ్యాంకులోనూ ఉష్ణమండల దిబ్బ చేపలకు ఖాళీలు ఎక్కువ. ముఖ్యంగా పైన చెప్పిన దాగుడు చేపలకు. ఎవరిని చూడటానికి ఈ పద్ధతి అందరికన్నా ఎక్కువ పనికొస్తుందో, వారి వరసలే రిజిస్టరులో తక్కువ. అప్పుడు కంప్యూటరు దగ్గరి బంధువు పేరు అంటగడుతుంది, లేదా కుటుంబం పేరుతో సరిపెడుతుంది. హిందూ మహాసముద్రపు చేపకు పసిఫిక్ చేప పేరు వచ్చి కూర్చునేది ఇలాగే.

దీనికి మరో మెలిక ఉంది. మన దేశంలో చేపల డీఎన్‌ఏ చదవడం కొత్త కాదు. లక్నోలోని చేపల జన్యువనరుల జాతీయ బ్యూరో శాస్త్రవేత్తలు 2011లోనే 115 జాతుల సముద్రపు చేపల డీఎన్‌ఏ బార్‌కోడ్‌లు ప్రకటించారు. కానీ బార్‌కోడ్ కోసం చదివేది సీఓఐ అనే వేరే జన్యువు. నీటి నమూనాల్లో మైఫిష్ చదివేది 12ఎస్. ఒకదాని వరస రెండోదానికి అక్కరకు రాదు. ఎంతో శ్రమతో సంపాదించిన బార్‌కోడ్‌లు ఉండి కూడా, నీటి సర్వేకు ఆ జాతులు తెలియనివాటి కిందే లెక్క. సూర చేపల్లో దగ్గరి బంధువుల విషయంలోనైతే 12ఎస్ ముక్క ఒక్కటే ఉన్నా సరిపోదు, వాటి మధ్య అందులో తేడా దాదాపు లేదు. అందుకే జాతికొక ముక్క బదులు, సుమారు 16,500 అక్షరాల మైటోకాండ్రియా డీఎన్‌ఏను మొత్తం చదివి పెడితే, రేపు ప్రైమర్లు మారినా రిజిస్టరు చెల్లుతుంది.

ఇక్కడే మీ సంస్థ రంగంలోకి రావాలి. 1916లో ఏర్పడిన నాటి నుంచీ ఈ దేశపు జంతువుల నమూనాలను సేకరించి, పేర్లు పెట్టి, భద్రపరిచే పని మీది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద గుర్తింపు పొందిన జాతీయ భాండాగారం మీది. సుందర్ లాల్ హోరా వంటి మత్స్య శాస్త్రవేత్త డైరెక్టరుగా కూర్చున్న చోటు అది. 1977 నుంచి అండమాన్‌లో మీకు ప్రాంతీయ కేంద్రం ఉంది. చేపను చూసి ఇది ఫలానా జాతి అని సాధికారికంగా చెప్పగల మనుషులు తగ్గిపోతున్న కాలంలో, ఆ విద్య ఇంకా మిగిలి ఉన్న చోట్లలో మీ సంస్థ ముందు వరసలో ఉంది. డీఎన్‌ఏ చదివే ల్యాబులు దేశంలో చాలా ఉన్నాయి. చదివినదాన్ని చేప శరీరానికి ముడివేయగల చోట్లు మాత్రం తక్కువ.

ఆ ముడి ఎందుకు ముఖ్యమో మన తీరం కథే చెబుతుంది. ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వర్ణనలతో 1803లో రెండు సంపుటాలు వెలువడ్డాయి. స్థానికంగా వాడుకలో ఉన్న పేర్లనే ఆయన నమోదు చేశాడు. తర్వాత కువియే వంటి యూరప్ శాస్త్రవేత్తలు ఆ బొమ్మలను ఆధారం చేసుకుని కొన్ని జాతులకు శాస్త్రీయ నామాలు పెట్టారు. అయితే బొమ్మ ఎంత బాగున్నా దాన్ని కోసి పళ్లు చూడలేం, ముళ్లు లెక్కపెట్టలేం. చేపే కళ్లెదుట ఉంటే అనుమానం వచ్చిన ప్రతి తరమూ మళ్లీ వెళ్లి చూసుకోగలదు. శరీరం లేకుండా డేటాబేసులో ఉన్న డీఎన్‌ఏ వరసకు కూడా ఇదే లోటు. పేరు తప్పు పెట్టారని అనుమానం వస్తే సరిచూసుకునే దారి ఉండదు.

అందువల్ల ఈ లేఖ మొదటి వినతి ఇది: మన పగడపు దిబ్బల చేపలకు 12ఎస్ రిజిస్టరును మీ సంస్థ తన బాధ్యతగా స్వీకరించాలి. జోన్స్, కుమారన్ జాబితాలోని 603 జాతులతోనే మొదలుపెట్టవచ్చు. జాతికి కనీసం రెండు మూడు చేపలు, రంగు చెదరకముందే తీసిన ఫొటో, పట్టిన చోటు, గుర్తించిన వారి పేరు, పూర్తి మైటోకాండ్రియా వరస. మీ గాజు సీసాల్లో ఇప్పటికే ఉన్న పాత నమూనాల్లో చాలావరకు ఫార్మలిన్‌లో గట్టిపడినవే. ఫార్మలిన్ ఆకారాన్ని కాపాడుతుంది గానీ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. కాబట్టి కొత్త చేప దొరికిన గంటలోనే, ఫార్మలిన్ తగలకముందే, కుడివైపు నుంచి చిటికెడు కండ కోసి ఆల్కహాల్‌లో వేయడం ప్రతి క్షేత్ర బృందానికీ తప్పనిసరి నియమం కావాలి. పెద్ద ఖర్చుతో పని లేదు. ఒక ఆదేశం, కొన్ని చిన్న సీసాలు చాలు. ఎడమవైపు చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి ఆకారం చదివే నిపుణుడికీ ఇబ్బంది లేదు.

రెండో వినతి, స్థిరమైన చోట్లలో స్థిరమైన వేళల్లో నీటి సేకరణ. లక్షద్వీప్, అండమాన్ నికోబార్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, నాలుగింటిలోనూ. రుతుపవనాలకు ముందొకసారి, తర్వాతొకసారి. ప్రతి చోటా అదే రోజు డైవర్లు కూడా దిగి లెక్క తీయాలి. మైజురు అనుభవం చెప్పేది అదే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడిని బట్టి పగడాలు తెల్లబారే ముప్పు గురించి హెచ్చరికలు విడుదల చేస్తోంది. ఆ హెచ్చరిక వచ్చిన వారంలోనే ఆ దిబ్బ నీళ్లు పట్టే ఏర్పాటు ఉంటే, వేడికి ముందు, వేడిలో, వేడి తర్వాత చేపలకేమైందో వరసగా తెలుస్తుంది. హెచ్చరిక ఇవ్వడం, దాని ఫలితాన్ని కొలవడం రెండూ ఒకే గొలుసులో చేరతాయి.

మూడోది, ప్రతి నమూనాలో సగం డీఎన్‌ఏను మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచిపెట్టడం. 2026లో గుర్తుపట్టలేని వరసకు 2035లో పేరు దొరకవచ్చు. పగడాలను, సముద్ర నత్తలను, నాచును చదివే కొత్త ప్రైమర్లతో అదే సీసాను మళ్లీ చదవవచ్చు. తెల్లబారకముందు నాటి దిబ్బ నీరు ఆ తర్వాత ఎంత డబ్బు పోసినా దొరకదు.

నాలుగోది, ఫలితాలను దాచకపోవడం. జపాన్‌లో తొహోకు విశ్వవిద్యాలయం ముందుండి నడిపే అనిమోన్ అనే నెట్‌వర్కు తీరమంతటా చేసిన ఈడీఎన్‌ఏ సర్వేల సమాచారాన్ని 2022లో అందరికీ తెరిచింది. అక్కడ సామాన్య పౌరులు కూడా నీళ్లు పడుతున్నారు. యునెస్కో 21 సముద్ర వారసత్వ ప్రాంతాల్లో ఇలాంటి కార్యక్రమమే నడిపింది, అందులో స్కూలు పిల్లలు కూడా పాల్గొన్నారు. మన దగ్గరా సీసా ముంచే పని ద్వీపాల మత్స్యకారులకు, కాలేజీ విద్యార్థులకు నేర్పవచ్చు. సముద్రం ఏ వేళ ఎటు తిరుగుతుందో వాళ్లకన్నా తెలిసినవారు లేరు. ఫలితం మాత్రం ఇంగ్లిష్ నివేదికగా ఢిల్లీలో ఆగిపోకుండా, ద్వీపాల్లో మాట్లాడే జెసెరి, మహల్ భాషల్లో, తమిళంలో, అక్కడి చేపల పేర్లతో వాళ్ల చేతికి తిరిగి రావాలి.

ఇవన్నీ మీరొక్కరే చేయాలని కాదు. సీసీఎంబీకి చెందిన లాకోన్స్‌లో జి. ఉమాపతి బృందం చిలికా సరస్సు నీటి నుంచి సేకరించిన ఈడీఎన్‌ఏను లోతుగా చదివి, వైరస్‌ల నుంచి పక్షుల దాకా ఒక పర్యావరణంలోని సమస్త జీవవైవిధ్యాన్ని అంచనా వేసే పద్ధతిని ప్రచురించింది. ఆ ల్యాబ్ ఉన్నది హైదరాబాద్ అత్తాపూర్‌లో. మీ మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం కూడా అదే అత్తాపూర్‌లో ఉంది. చేపను గుర్తుపట్టే విద్య ఒకరి దగ్గర, డీఎన్‌ఏ చదివే విద్య మరొకరి దగ్గర, రెండూ ఒకే పేటలో. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ లక్షద్వీప్ ఎర చేపల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. వీరందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలంటే ఎవరో ఒకరు పిలవాలి. రిజిస్టరు ఎవరి దగ్గర ఉండాలో వారే పిలిస్తే బాగుంటుంది.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. డబ్బు ఒకటి. సీక్వెన్సింగ్ ఖర్చు ఏటేటా తగ్గుతోంది. పైగా లోతు నీటిలో డైవర్ల బృందాన్ని వారాల తరబడి నిలబెట్టడం కన్నా, అదే పడవలో నాలుగు ఫిల్టర్లు అదనంగా పెట్టడం తేలిక. రెండోది, ఈ పద్ధతి వస్తే వర్గీకరణ శాస్త్రవేత్తలు ఎందుకని బడ్జెట్ కోస్తారేమోనన్న భయం. నిజానికి జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. రిజిస్టరులోని ప్రతి పేరు వెనకా ఒక వర్గీకరణ నిపుణుడి సంతకం ఉండాలి. ఈడీఎన్‌ఏ ఎంత పెరిగితే గోబీకీ గోబీకీ తేడా చెప్పగల కళ్ల అవసరం అంత పెరుగుతుంది. యువ వర్గీకరణ శాస్త్రవేత్తలకు కొత్త పోస్టులు అడగడానికి ఇంతకన్నా బలమైన కారణం ఈ ముప్పై ఏళ్లలో దొరికి ఉండదు. దాన్ని మీరు మంత్రిత్వ శాఖ ముందు గట్టిగా వాడుకోవాలి.

నాలుగోసారి ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారుతున్నాయని 2024 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంస్థలు ప్రకటించాయి. 1998కీ 2010కీ మధ్య లక్షద్వీప్ దిబ్బలకు కోలుకోవడానికి పన్నెండేళ్లు దొరికాయి. ఆ తర్వాత ఆరేళ్లు, ఎనిమిదేళ్లు. ఈసారి ఎన్ని దొరుకుతాయో సముద్రం చేతిలో ఉంది. అది మళ్లీ వేడెక్కే లోపు కనీసం ఒక్క పూర్తి సంవత్సరపు నీటి నమూనాలైనా దాచుకోగలిగితే, తర్వాత వచ్చే మార్పును పోల్చి చూసేందుకు ఆధారం ఉంటుంది.

కాబట్టి చివరి వినతి చిన్నది. రాబోయే ఏప్రిల్, మే నెలల్లో, రుతుపవనాలు రాకముందు, కవరత్తి, కద్మత్, అగత్తి లాగూన్‌లలో తొలి నమూనాలు పట్టేలా ఆదేశం ఇవ్వండి. పడవలో మీ సంస్థ చేపల నిపుణుడు ఒకరు, లాకోన్స్ నుంచి ఒకరు, ద్వీపం నుంచి ఎర వేట తెలిసిన మత్స్యకారుడు ఒకరు ఉండేలా చూడండి. ఆ ప్రయాణంలో చేతికొచ్చిన ప్రతి కొత్త జాతి కండ ముక్కా ఆల్కహాల్ సీసాలోకి వెళ్లాలి. ఏమేం దొరికాయో, ఏవి గుర్తుపట్టలేకపోయారో, ఖాళీ నమూనాల్లో ఏం వచ్చిందో ఆరు నెలల్లో ప్రజల ముందు పెట్టండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
సముద్రం గురించి తెలుగులో రాసే ఒక సైన్స్ రచయిత